తేమ

మంగళవారం పొద్దున
గుమ్మం మీద మంచు గీకుతుంటే వచ్చాడు
డెల్ఫిస్ థెరియో.
యాభై ఎనిమిదేళ్ళు. చంకలో తిండి డబ్బా.
మిల్లు మూతబడి నాలుగు నెలలైనా
చెయ్యి ఊరుకోవడం లేదట,
తెల్లారి ఐదింటికి
తనంతట తనే రొట్టెముక్కలు సర్దేస్తుందట.

మాది మెయిన్ రాష్ట్రం, నది ఒడ్డు.
లాండ్రీకీ టైర్ల షాపుకీ మధ్య ఇరుక్కున్న
సర్కారు ఉపాధి కేంద్రం.
గోడ మీద నవ్వే మనుషుల పోస్టరు;
ఆ నవ్వు ఈ జిల్లాది కాదు.
పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళకి
అరచేతిలో వైకుంఠం చూపించొద్దంది
నాకు పని నేర్పిన పెద్దావిడ.
ఫారం చూపించమంది.

ఫారంలో పద్నాలుగు గళ్ళు.
తొమ్మిదోది: మీకు వచ్చిన పనులు.
థెరియో చాలాసేపు పెన్ను తిప్పి
ఒక్క మాట రాశాడు:
కాగితం.

ఇంకాస్త వివరంగా, అన్నాను.
ముప్పై ఆరేళ్ళు, అని చేర్చాడు.

కంప్యూటరు ఆ మాట నమిలి
మూడు ఉద్యోగాలు కక్కింది:
పేపర్లు వేసే పని,
పేపరు కప్పుల గోదాములో కాపలా,
నూట అరవై మైళ్ళ అవతల
పెళ్ళి శుభలేఖల కొట్టు.
ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

అప్పుడే మా ప్రింటరు గొంతు పట్టేసింది.
మామూలే. తిడతాం, పక్కన ఒకటి చరుస్తాం.
అడక్కుండానే లేచి
ట్రే లాగాడు, ఒక కాగితం తీశాడు,
బొటనవేలికీ సగం తెగిన చూపుడువేలికీ మధ్య పట్టి
చెవి దగ్గర ఆడించాడు.
"ఇది మాది కాదు,"
ముందు ఆ మాట.
తర్వాత, "నెమ్ముకుంది.
గోడ అవతల డ్రయ్యర్లు తిరుగుతున్నాయి కదా,
ఆవిరంతా ఇటే.
కట్టని కిటికీ వైపు జరపండి."
పేకముక్కల్లా విదిలించి తిరగేసి పెట్టాడు.
ప్రింటరు గుక్క తిప్పుకుని
ఆయన ఫారాన్నే బయటికి తోసింది.

ఆ సాయంత్రం తొమ్మిదో గడిలో నేనే రాశాను,
గీత దాటి మార్జినులోకి:
చెవితో తేమ కొలుస్తాడు.
యంత్రం అబద్ధమాడితే పసిగడతాడు.
రాత్రి షిఫ్టులో కుర్రాళ్ళ వేళ్ళు లెక్కపెట్టి
ఇళ్ళకు పంపేవాడు.
(చివరిది ఆయన చెప్పింది కాదు.
ఆయన వెనక వరసలో నిలబడ్డ
జొనవియెవ్ సిర్ చెప్పింది,
కొడుకు పది వేళ్ళూ ఉన్నాయని.)

పై ఆఫీసు తిప్పి పంపింది:
గడికి అరవై అక్షరాలు మాత్రమే.

ఊరి మురుగునీటి ప్లాంటుకి ఫోన్ చేశాను.
పంపు చప్పుడు చెవితో పట్టేవాడు కావాలా?
లైసెన్సు ఉందా, అంది బ్రాకెట్ మేడమ్.
లేదు. పదహారు వారాల శిక్షణ,
ఫీజు రాష్ట్రానిది,
మొదటి మూడు నెలల జీతంలో సగం కూడా.
వయసెంత?
అది నేను చెప్పకూడదు.
ఫోన్లో నీళ్ళు పారుతున్న చప్పుడు.
"పంపు. చూస్తాను. చూస్తానన్నాను, అంతే."

క్లాసులో అందరూ మనవడి ఈడువాళ్ళట.
భిన్నాలు మర్చిపోయాడట.
క్లోరిన్ లెక్క దగ్గర పక్కకుర్రాడు
వేలు పెట్టి చూపిస్తే
చెవులు ఎర్రబడ్డాయట.

మొదటి పరీక్షలో నాలుగు మార్కులు తక్కువ.
టోపీ తియ్యకుండా, నిలబడే చెప్పాడు.
ఆవేళ చంకలో డబ్బా లేదు.
"ప్రశ్నపత్రం పలచన.
వెనక పేజీ సిరా ఇవతలికి కనిపిస్తోంది,
చదువుతుంటే రెండూ కలిసిపోయాయి."
సాకో నిజమో నాకు తెలీదు.
రెండో పరీక్ష ఫీజు కూడా మేమే కడతామన్నాను.
తలూపలేదు, కాదనలేదు.
పోతూ పోతూ కిటికీ దగ్గరి కట్టని
కాస్త సరిచేసి వెళ్ళాడు.

పరీక్ష వచ్చే గురువారం.

ఈలోగా ఎవరొచ్చినా
ఫారం చేతికిచ్చే ముందు
ఒకసారి చెవి దగ్గర ఆడిస్తున్నాను.
నాకేమీ వినపడదు.
అయినా ఆడిస్తున్నాను.